గోడంత బొమ్మకు తగిన ఫైలు: ఉప్పల్–నాచారంలో పెద్ద ముద్రణలు, ఇంటర్నెట్ చిత్రనిధులు

గోడ ముద్రణ అంటే గది గోడను సగమో, పూర్తిగానో కప్పేలా ఒకే చిత్రాన్ని వినైల్, కాన్వాస్, వాల్‌పేపర్ వంటి వాటి మీద అచ్చువేసి అతికించడం. హైదరాబాదు తూర్పు వైపున ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్‌లలో ఇప్పుడు ఇళ్ల హాళ్లలోనే కాదు, క్లినిక్‌లు, ట్యూషన్ సెంటర్లు, టిఫిన్ సెంటర్ల గోడల మీద కూడా ఇవి కనిపిస్తాయి. అచ్చువేసే యంత్రాలకు ఇక్కడ కొదవ లేదు. చదరపు అడుగుకు ఇంత అని రేటు చెప్పి, సాయంత్రానికి చేతిలో పెట్టే షాపులు ప్రతి ప్రధాన రోడ్డు మీదా ఉన్నాయి. దొరకనిదల్లా ఆ యంత్రానికి ఇవ్వదగిన ఫైలు. ఫోనులో ముచ్చటగా కనిపించిన బొమ్మ గోడకెక్కాక గళ్లుగళ్లుగా తేలుతుంది. దీన్నే షాపుల్లో ‘బొమ్మ పగిలింది’ అంటారు. బొమ్మ పగలకుండా ఉండాలంటే ఎన్ని పిక్సెళ్లు కావాలో, అన్ని పిక్సెళ్లున్న చిత్రాలు ఇంటర్నెట్‌లో ఎక్కడుంటాయో, వాటిని వాడుకునే హక్కు ఎవరికుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతం, పూర్వరంగం

పెద్ద బొమ్మలతో ఈ ప్రాంతానికి ఉన్న సంబంధం ఫ్లెక్స్ షాపులతో మొదలైంది కాదు. 1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియాకు ఉప్పల్‌లో విశాలమైన ఆవరణ ఉంది. దేశం నలుమూలల నుంచీ వచ్చే సర్వేయర్లకు శిక్షణ ఇచ్చే సంస్థ అక్కడే నడుస్తోంది. సర్వే ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌గా, ఆ తరవాత ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సర్వేయింగ్ అండ్ మ్యాపింగ్‌గా పేరుపొందిన ఆ సంస్థే నేటి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ జియో-ఇన్ఫర్మాటిక్స్ సైన్స్ అండ్ టెక్నాలజీ. వెంట్రుకవాసి గీత కూడా చెదరకుండా కాగితం మీదికి రావాలన్న పట్టుదల పటాల ముద్రణకు ప్రాణం. ఆ విద్య నేర్పే చోటికి కూతవేటు దూరంలోనే వాట్సాప్‌లో వచ్చిన బొమ్మను పన్నెండు అడుగులకు సాగదీసి అచ్చువేస్తున్నారంటే మనసుకు కష్టంగానే ఉంటుంది.

నాచారంలో ఎన్.టి.రామారావు కుటుంబానికి చెందిన రామకృష్ణ సినీ స్టూడియో ఉంది. సినిమా సెట్టు వెనక కట్టే కొండల, కోటల తెరలనూ, థియేటర్ల ముందు నిలబెట్టే కటౌట్లనూ ఒకప్పుడు చిత్రకారులే గీసేవారు. చిన్న ఫొటో మీద గళ్లు గీసుకుని, గడికి గడిగా పెద్ద గుడ్డ మీదికి ఎక్కించేవారు. చిన్న ఫొటోలో లేని వివరాన్ని వాళ్ల చెయ్యి పూరించేది. 2000 దశకంలో ఫ్లెక్స్ యంత్రాలు వచ్చి ఆ పనిని మింగేశాయి. యంత్రానికి ఆ పూరించే నేర్పు లేదు. ఫైలులో ఉన్నదే వేస్తుంది, లేనిచోట ఉన్న రంగునే సాగదీస్తుంది. ఇవాళ ఫైలు నాణ్యతకు ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం ఈ మార్పే.

ఎన్ని పిక్సెళ్లు కావాలి

లెక్క గోడ కొలతతో మొదలుకాదు, చూసే మనిషి ఎంత దూరంలో నిలబడతాడన్న దానితో మొదలవుతుంది. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకూ రెండు చుక్కలను విడివిడిగా గుర్తిస్తుంది. దీని నుంచి ఒక తేలిక సూత్రం వస్తుంది. చూసే దూరాన్ని అంగుళాల్లో తీసుకుని, 3,440ని దానితో భాగిస్తే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు చాలో తెలుస్తుంది. మూడు అడుగుల దూరానికి అది సుమారు 95. ఆరు అడుగులకు 48, పది అడుగులకు 29. పుస్తకాలకు, పెళ్లి ఆల్బమ్‌లకు చెప్పే 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) చేతిలో పట్టుకుని చూసే వాటి లెక్క. గోడకు కూడా అదే కావాలని పట్టుబట్టే డిజైనర్లున్నారు గానీ, ఆ పట్టుదల వల్ల ఫైలు బరువు పెరగడం తప్ప కంటికి ఒరిగేదేమీ లేదు.

ఈ సూత్రం వల్ల కొన్ని వింత ఫలితాలు వస్తాయి. ఉప్పల్ రింగురోడ్డు పక్కన నలభై అడుగుల హోర్డింగు ఉందనుకుందాం. దాన్ని చూసేవాళ్లు వంద అడుగుల అవతల బస్సులో ఉంటారు. అంగుళానికి పది పిక్సెళ్లు వేసుకున్నా బాగానే కనిపిస్తుంది. అంటే అడ్డంగా 4,800 పిక్సెళ్లు చాలు. అదే పడకగదిలో పన్నెండు అడుగుల గోడ అయితే మంచానికీ గోడకూ మధ్య మూడు అడుగులే ఉంటాయి. అంత దగ్గర నుంచి చూసినా మచ్చ పడకూడదంటే అడ్డంగా 13,700 పిక్సెళ్లు కావాలి. హోర్డింగు కన్నా పడకగది గోడే ఎక్కువ అడుగుతుందన్నమాట. సోఫా వెనక గోడను జనం ఆరేడు అడుగుల నుంచి చూస్తారు కాబట్టి ఏడు వేలతో సరిపెట్టుకోవచ్చు.

ఫోను కెమెరా తీసే 12 మెగాపిక్సెళ్ల ఫొటో కొలత 4,000 × 3,000. ఆరు అడుగుల వెడల్పుకు వేస్తే అంగుళానికి 55 వస్తాయి. హాలు గోడకు నిక్షేపంలా పనికొస్తుంది. సొంతంగా తీసిన ఫొటోను గోడకు పెట్టుకోవాలనుకునేవాళ్లు చాలామంది అనవసరంగా జంకుతారు. పగటి వెలుగులో, చెయ్యి కదలకుండా తీసిన ఫొటో అయితే, అసలు ఫైలు భద్రంగా ఉంటే నిశ్చింతగా వేయించుకోవచ్చు.

షాపువాళ్లు చెప్పే 720 డీపీఐ, 1440 డీపీఐ అన్నవి యంత్రం చల్లే సిరా చుక్కల సంఖ్యలు. ఒక్కో పిక్సెల్ రంగును తేవడానికి యంత్రం ఎన్నో చుక్కలు వేస్తుంది. కాబట్టి 1440 యంత్రం మీద వేసినంత మాత్రాన చిన్న ఫైలు పెద్దది కాదు.

ఫైలు ఎక్కడ చెడుతుంది

ఎక్కువగా దారిలోనే చెడుతుంది. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటో పొడవు వైపు దాదాపు 1,600 పిక్సెళ్లకు కుంచించుకుపోతుంది. దాన్ని పన్నెండు అడుగులకు సాగదీస్తే అంగుళానికి 11 పిక్సెళ్లే మిగులుతాయి. అంటే ఒక్కో గడి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. కందిగింజలో సగం ఉంటుంది, కళ్లజోడు లేకపోయినా కనిపిస్తుంది. 2023లో హెచ్‌డీ ఎంపిక వచ్చాక కొంత మెరుగే గానీ, ముద్రణకు పంపే ఫైలును ‘డాక్యుమెంట్’గా పంపడమో, ఈమెయిల్, డ్రైవ్ లింకు, పెన్‌డ్రైవ్ వాడడమో క్షేమం. స్క్రీన్‌షాట్‌లో ఫోను తెర మీదున్నన్ని పిక్సెళ్లే ఉంటాయి.

రెండో చిక్కు వెతకడంలోనే ఉంది. గూగుల్ ఇమేజెస్‌లో ముందు కనిపించేవి నకళ్ల నకళ్లు. ఒకరు తీసిన చార్మినార్ ఫొటోను ఇంకొకరు కుదించి, వేరొకరు వాటర్‌మార్కు వేసి, మరొకరు దాన్ని తుడిచి మళ్లీ పెట్టినవి అక్కడ కుప్పలుగా ఉంటాయి. ‘4కే వాల్‌పేపర్’ అన్న పేరు చూసి మోసపోకూడదు. 4కే అంటే 3,840 పిక్సెళ్లు, అది కూడా నిజంగా ఉంటే. చాలా సైట్లు చిన్న బొమ్మను సాగదీసి ఆ పేరు తగిలిస్తాయి. నచ్చిన బొమ్మ కనిపించగానే దాని పుట్టుక ఎక్కడో వెనక్కి వెతకాలి. గూగుల్ లెన్స్, టిన్‌ఐ ఆ పనికే ఉన్నాయి. తీసినవారి దగ్గరో, భద్రపరిచిన సంస్థ దగ్గరో ఉన్న ప్రతే ఎప్పుడూ పెద్దది, రంగు చెడనిది. పెద్ద ముద్రణకు బొమ్మ వెతికేవాళ్లకు ఇంతకు మించిన దారి లేదు.

చిత్రనిధులు

అంతరిక్ష చిత్రాల విషయంలో ఈనాటి పాఠకుడు అదృష్టవంతుడు. నాసా చిత్రాల్లో అత్యధిక భాగానికి కాపీరైటు లేదు. 2022 జులైలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు విడుదల చేసిన కరీనా నీహారిక చిత్రం పూర్తి ఫైలు 14,575 × 8,441 పిక్సెళ్లు. దాన్ని పన్నెండు అడుగుల గోడకు వేస్తే అంగుళానికి 101 పిక్సెళ్లు వస్తాయి, ఎత్తు దాదాపు ఏడు అడుగులు. నాచారంలోని ఏ అపార్ట్‌మెంటు హాలు గోడకైనా అచ్చంగా సరిపోయే కొలత. మూడు అడుగుల కన్నా దగ్గరికి వెళ్తే తప్ప నక్షత్రాల అంచు చెదరదు. 2015లో హబుల్ బృందం విడుదల చేసిన ఆండ్రోమెడా గెలాక్సీ చిత్రంలో 150 కోట్ల పిక్సెళ్లున్నాయి. గది గోడలకు అది అవసరానికి మించిన సంపద. పిల్లల గదికి షాపువాళ్ల కేటలాగులోని నకిలీ ఆకాశం బదులు ఇలాంటి నిజమైన ఆకాశాన్ని వేయించడానికి ఫైలు ఖర్చు పైసా కూడా లేదు.

చిత్రకళ విషయంలో ప్రపంచ మ్యూజియాలు తలుపులు తెరిచాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 2012 నుంచి, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, స్మిత్‌సోనియన్ 2020 నుంచి లక్షల చిత్రాలను షరతులు లేకుండా ఇస్తున్నాయి. రెంబ్రాంట్ ‘నైట్ వాచ్’ను రైక్స్ మ్యూజియం 2022 నాటికి 717 గిగాపిక్సెళ్లలో తీసింది. ఆ బొమ్మలో ఒక్కో పిక్సెల్ మిల్లీమీటరులో 200వ వంతు. ఈ మ్యూజియాల్లో దక్కను సూక్ష్మచిత్రాలు కూడా దొరుకుతాయి. అరచేతి కాగితం మీద గీసిన గోల్కొండ కాలపు బొమ్మను ఐదడుగులకు పెంచితే కుంచె ఒక్కో గీత విడిగా కనిపిస్తుంది. ఇది అసలును చూసిన దానికన్నా భిన్నమైన ఆనందం.

తెలుగిళ్లలో ఎక్కువమంది కోరేది రవివర్మ లక్ష్మి, సరస్వతి. రవివర్మ 1906లో మరణించారు కాబట్టి ఆయన చిత్రాలకు కాపీరైటు లేదు. 1894లో ఆయన పెట్టిన ప్రెస్సులో అచ్చయిన ఓలియోగ్రాఫులు (తైలవర్ణ చిత్రంలా కనిపించే రంగుల అచ్చులు) వికీమీడియా కామన్స్‌లో, లండన్ వెల్‌కమ్ కలెక్షన్‌లో ఉన్నాయి. కామన్స్‌లో తెర మీద కనిపించే చిన్న బొమ్మను దించుకుని వెళ్లిపోకూడదు. కింద ఉండే ‘అసలు ఫైలు’ లింకు నొక్కాలి. అక్కడే పిక్సెళ్ల కొలత కూడా ఉంటుంది.

మన ఆంధ్ర చిత్రకారుల దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. దామెర్ల రామారావు 1925లోనే, ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే కన్నుమూశారు. ఆయన చిత్రాల మీద హక్కుల అడ్డంకి ఏనాడో తొలగింది. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది. అయినా గోడకు పనికొచ్చే ఫైలు కోసం వెతికితే తరచూ పుస్తకాల్లోంచి తీసిన చిన్న నకళ్లే ఎదురవుతాయి. చట్టం ఇచ్చిన స్వేచ్ఛ ఫైలు లేక నిష్ఫలమవుతోంది. 45 మెగాపిక్సెళ్ల కెమెరాతో, సమంగా పడే వెలుగులో, ఒక్కో చిత్రాన్ని నాలుగైదు భాగాలుగా తీసి కలిపితే పది అడుగుల గోడకు సరిపోయే ఫైలు తయారవుతుంది. ఈ పని పెద్ద ఖర్చుతో కూడుకున్నదేమీ కాదు. జరిగితే తెలుగు గోడల మీద డచ్చి చిత్రకారుల పూలకుండీలతో పాటు దామెర్ల గోదావరి కూడా కనిపిస్తుంది.

పాత హైదరాబాదు ఫొటోలంటే ముందు గుర్తొచ్చేది లాలా దీన్‌దయాళ్. 1844లో పుట్టి 1905లో మరణించిన ఈ ఫొటోగ్రాఫర్ ఆరో నిజాం ఆస్థానంలో పనిచేసి ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందారు. ఆయన తీసిన నిజాం రాజ్యపు దృశ్యాలు బ్రిటిష్ లైబ్రరీ వంటి చోట్ల ఉన్నాయి. అప్పటి ముద్రణలు సుమారు పది అంగుళాల వెడల్పువి. వాటిని 600 పీపీఐతో స్కాన్ చేస్తే 6,000 పిక్సెళ్లు వస్తాయి. ఆరు అడుగుల గోడకు అంగుళానికి 83. నూటపాతికేళ్ల నాటి ఫొటో ఇంత దర్జాగా నిలబడడానికి కారణం పెద్ద గాజు పలకల నెగెటివ్‌లు. ఇంటర్నెట్‌లో తిరిగే ప్రతి 1,000 పిక్సెళ్లదే అయితే, భద్రపరిచిన సంస్థకు రాసి పెద్ద స్కాన్ అడగాలి. రుసుము ఉండవచ్చు, ఫలితం దానికి తగ్గట్టే ఉంటుంది. హైదరాబాదులోని కళాకృతి ఆర్కైవ్స్ పాత పటాలు, సాలార్‌జంగ్ మ్యూజియం వస్తువులు గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో ఎంతో దగ్గరగా చూడవచ్చు గానీ, ఆ వేదిక పూర్తి ఫైలును దించుకోనివ్వదు.

పటాలు, ఉపగ్రహ చిత్రాలు

ఉప్పల్ వాసికి ఇది సొంతింటి సరుకు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు ఓపెన్ సిరీస్ పటాలను 2017 నుంచి భారత పౌరులకు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తోంది. పాత లెక్క ప్రకారం చార్మినార్ ఉన్న షీటు 56కే/7. ఉప్పల్, నాచారం దాని తూర్పు పక్క షీటు 56కే/11లో ఉంటాయి. నగరాన్ని గోడ మీద చూడాలనుకుంటే రెండు షీట్లూ కలపక తప్పదు. ఒక్కో షీటులో నేల దాదాపు 26 కిలోమీటర్ల వెడల్పు, 28 కిలోమీటర్ల ఎత్తు. కాగితం మీద అది అర మీటరు చిల్లర. చెరువులు, వాగులు, పాత ఊళ్ల పేర్లు, ఎత్తు గీతలు అన్నీ ఉండే ఈ పటం బడి గోడకు పెట్టదగిన బొమ్మల్లో మొదటిది అనిపిస్తుంది. తమ బడి, తమ చెరువు ఎక్కడున్నాయో వేలుపెట్టి చూపించగలిగిన పిల్లలకు భూగోళం దూరపు చదువు కాదు.

ఉపగ్రహ చిత్రాల్లో ఐరోపా సెంటినెల్-2 అందరికీ ఉచితం. అందులో ఒక పిక్సెల్ అంటే నేల మీద పది మీటర్లు. ఔటర్ రింగురోడ్డు మొత్తం పట్టేలా 48 కిలోమీటర్ల పక్క ఉన్న చతురస్రం తీసుకుంటే 4,800 పిక్సెళ్లు వస్తాయి. ఎనిమిది అడుగుల గోడకు అంగుళానికి యాభై. ఆరడుగుల దూరం నుంచి చూస్తే నగరమంతా స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఉప్పల్ క్రికెట్ మైదానం అందులో పద్నాలుగు, పదిహేను పిక్సెళ్లే, అచ్చులో పావు అంగుళం పైన. ఇల్లు కనిపించాలని ఆశపడేవాళ్లకు ఇది చాలదు. 2019లో ప్రయోగించిన మన కార్టోశాట్-3 పావు మీటరు వరకూ చూస్తుంది గానీ అంత సూక్ష్మమైన దత్తాంశం ఉచితం కాదు. 2023 భారత అంతరిక్ష విధానం ఐదు మీటర్లు, అంతకన్నా ముతక చిత్రాలనే అందరికీ తెరిచింది. బాలానగర్‌లోని జాతీయ సుదూర సంవేదన కేంద్రం మన ఉపగ్రహ చిత్రాలను చూపేందుకు నడిపే భువన్ వేదిక 2009 నుంచి ఉంది. ఏ నెల చిత్రం ఎంచుకున్నామన్నది కూడా ముఖ్యం. అక్టోబరు, నవంబరులలో చెరువులు నిండి, మబ్బులు తొలగి నగరం అందంగా ఉంటుంది. మే నెల చిత్రంలో అంతా మట్టిరంగే.

హక్కులు

భారత కాపీరైటు చట్టం, 1957 ప్రకారం చిత్రకారుడి హక్కు అతని మరణానంతరం 60 ఏళ్లు, ఫొటోలకూ సినిమాలకూ ప్రచురణ తరవాత 60 ఏళ్లు. ఈ లెక్కన వడ్డాది పాపయ్య (1992లో మరణం) బొమ్మలు 2052 చివరి వరకు, బాపు (2014లో మరణం) బొమ్మలు 2074 చివరి వరకు రక్షణలో ఉంటాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా కనిపించినంత మాత్రాన అవి అచ్చుకు ఉచితం కావు. ‘మాయాబజార్’ 1957 నాటిది, సినిమాగా దాని 60 ఏళ్లు 2017తో నిండాయి. 2010లో రంగులద్దిన ప్రతిని, పోస్టర్లను దానితో కలిపి చూడకూడదు. రామకృష్ణ సినీ స్టూడియోస్ తీసిన ‘దానవీరశూర కర్ణ’ (1977)కు 2037 దాకా గడువుంది. హక్కులు తీరినా సినిమా దృశ్యాలకు మరో ఇబ్బంది ఉంది. హెచ్‌డీ వీడియోలోంచి తీసిన ఫ్రేము వెడల్పు 1,920 పిక్సెళ్లే. ఆరు అడుగులకు వేస్తే అంగుళానికి 27. హోటలు గోడ పైభాగంలో, దూరం నుంచి చూసేలా పెడితేనే బాగుంటుంది.

కామన్స్‌లోని కొత్త ఫొటోలు చాలావరకు ఫొటోగ్రాఫర్ పేరు చెప్పి వాడుకోవాల్సినవి. దుకాణంలోనో ఆఫీసులోనో పెట్టేటప్పుడు మూలన చిన్న అక్షరాల్లో ఆ పేరు వేయడం న్యాయం. అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే సైట్లు ఫొటోలను ఉచిత లైసెన్సుతో ఇస్తాయి. మన ముఖాలు, మన ఇళ్లు కావాలంటే ఇమేజెస్‌బజార్ వంటి దేశీ సంస్థల దగ్గర కొనుక్కోవచ్చు.

తెలుగు అక్షరాలు

గోడ మీద పద్యమో, సూక్తో, బడి పేరో వేయాలంటే దాన్ని బొమ్మగా దించుకోనక్కరలేదు. అక్షరాలను ఫాంటుతో వేస్తే అవి పిక్సెళ్లు కావు, గీతల రూపంలో ఉంటాయి. ఎంత పెంచినా అంచు చెదరదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, ఎన్‌టీఆర్ వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. చిక్కల్లా షాపు కంప్యూటరులో వస్తుంది. చాలా డీటీపీ షాపులు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో పనిచేస్తాయి. యూనికోడ్‌లో టైపు చేసి తెచ్చిన పాఠం పాత కోరల్‌డ్రాలో తెరిస్తే ఒత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్కకు జరుగుతాయి. ‘స్త్రీ’ అన్న అక్షరం మూడు ముక్కలై గోడకెక్కడం అలాగే. అందుకే అక్షరాలను ముందుగానే కర్వ్స్‌గా మార్చి పీడీఎఫ్‌లో ఇవ్వాలి, తెలుగు చదవగలిగినవాళ్లు ఆఖరుసారి తెర మీద చూడాలి.

పెంచే సాఫ్ట్‌వేర్లు, నమూనా

కృత్రిమ మేధతో చిన్న బొమ్మను పెద్దది చేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు షాపుల్లో కూడా వాడుతున్నారు. కొండలు, ఆకులు, నీళ్లు, మేఘాల విషయంలో రెండింతల వరకూ పెంచితే ఫలితం మెచ్చుకోదగ్గదే. ఆ సాఫ్ట్‌వేరు లేని వివరాన్ని ఊహించి నింపుతుంది. ఆకుకు ఇంకో ఈనె వేస్తే నష్టం లేదు. కీర్తిశేషులైన నాన్నగారి పాత ఫొటోలో కళ్లను ఊహించి గీస్తే ఆయన మరెవరిలాగానో మారిపోతారు. పటాల్లో ఊరి పేర్లను, శాసనాల్లో అక్షరాలను ఇది అక్షరంలా కనిపించే అర్థంలేని గీతలుగా మార్చేస్తుంది. ముఖాలకు, పటాలకు, రాతకు దీన్ని వాడకపోవడమే మంచిది. అసలు ఫొటోను మళ్లీ 1,200 పీపీఐతో స్కాన్ చేయిస్తే ఏ ఊహా లేకుండా నిజమైన వివరమే వస్తుంది. పోస్టుకార్డు సైజు ఫొటో నుంచి అలా ఏడు వేల పిక్సెళ్ల దాకా రాబట్టవచ్చు, ఫొటో మసకగా లేనంత వరకు.

ముద్రణకు ముందు షాపులో ఒక ముక్క వేయించుకోవాలి. మొత్తం బొమ్మను చిన్నదిగా వేయించడం వల్ల ఉపయోగం లేదు. బొమ్మలో ముఖ్యమైన చోటు నుంచి, కన్నో గోపురం అంచో, అడుగు చదరాన్ని అసలు కొలతలోనే, అదే వినైల్ మీద వేయించి, ఇంటికి తీసుకెళ్లి ఆ గోడకే అంటించి చూడాలి. తెర మీది మెరిసే నీలం, ఆకుపచ్చ సిరాలో కొంత మందగిస్తాయి. ట్యూబులైటు కింద చూసిన రంగు కిటికీ వెలుగులో వేరుగా ఉంటుంది. గోడ పెద్దదైతే బొమ్మ నాలుగైదు అడుగుల పట్టీలుగా వస్తుంది. అతుకు ముఖం మీద పడకుండా పట్టీలు ఎక్కడ విడగొట్టాలో అప్పుడే చెప్పాలి. గోడకు నాలుగు వైపులా రెండేసి అంగుళాలు అదనంగా వదలాలి, ఎందుకంటే మన ఇళ్లలో గోడ మూలలు నూటికి నూరుపాళ్లు లంబంగా ఉండడం అరుదు.